పాత మందులకు మళ్ళీ పిలుపు

తెలుగు పాఠాలు చెప్పుకునే నేను మందుల విషయం వ్రాయడమేమిటని విద్యార్థులు నవ్వుకోవచ్చు. టైఫాయిడ్ జ్వరంతో వారాల తరబడి తరగతికి దూరమైన పిల్లల పేర్లు నా హాజరుపట్టీలో ఉన్నాయి. ఆ కారణం చాలు.

ఈ జ్వరానికి ఒకప్పుడు తగిన మందే లేదు. 1947లో వెనిజులా దేశపు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి క్లోరాంఫెనికాల్ లభించింది. మరుసటి ఏడే అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాల నుండి ఆరియోమైసిన్ వెలువడింది. దానిని కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్. అక్కడి పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మట్టిలోంచి మందులు పుట్టుకొచ్చిన రోజులవి. టైఫాయిడ్ రోగుల పాలిట క్లోరాంఫెనికాల్ సంజీవని అయింది.

క్రిములు ఊరుకోలేదు. 1972లో కేరళలోని కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ చెలరేగింది. 1990 ప్రాంతానికి దేశంలో అనేక చోట్ల అదే పరిస్థితి. వైద్యులు సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఆశ్రయించారు. అదీ క్రమంగా పట్టు తప్పింది. సెఫ్ట్రియాక్సోన్ సూదిమందు వచ్చింది. క్లోరాంఫెనికాల్ పాత చింతకాయ పచ్చడిలా మూలపడింది.

వింత ఇక్కడే ఉంది. ఇటీవలి సంవత్సరాలలో మన దవాఖానలలో పరీక్షించిన టైఫాయిడ్ క్రిములలో అత్యధిక భాగం ఆ పాత మందుకే మళ్ళీ లొంగుతున్నాయి. మందు మారలేదు, శత్రువు మారాడు. మందును ఎదిరించే జన్యువులను మోయడం క్రిమికి కవచం మోయడం వంటిది. యుద్ధమున్నంత కాలం అది ప్రాణం కాపాడుతుంది. యుద్ధం ఆగితే వట్టి బరువు. బరువు లేని క్రిములు త్వరగా పెరిగి కవచధారులను వెనుకకు నెడతాయి. అయినా వైద్యులు ఈ మందును జంకుతూనే వాడతారు. అరుదుగానైనా అది ఎముకల మజ్జను దెబ్బతీసి ప్రాణం తీయగలదు.

కొలిస్టిన్ కథ ఇంకా కఠినం. 1940ల చివర జపానులో కనుగొన్న ఈ మందు మూత్రపిండాలకు హాని చేస్తుందని 1970 తరువాత దాదాపు వదిలివేశారు. ఇతర మందులకు లొంగని క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ వంటి క్రిములు ఐ.సి.యు.లలోని రోగులను పట్టుకోవడంతో, 1990ల నుండి గత్యంతరం లేక దానినే మళ్ళీ తీశారు. తెలిసి తెలిసి మూత్రపిండాలను పణంగా పెట్టి ప్రాణం దక్కించుకోవడమన్నమాట. అటువంటి ఆఖరి ఆయుధాన్ని మనం ఏం చేశాం? కోళ్ళు త్వరగా బలిసేందుకు మేతలో కలిపాం! కొలిస్టిన్‌ను ఎదిరించే జన్యువు ఒక క్రిమి నుండి మరొక క్రిమికి పాకుతున్నట్లు 2015లో చైనాలో బయటపడింది. మన ప్రభుత్వం 2019 జూలైలో పశువులకు, కోళ్ళకు, చేపలకు దాని వాడకాన్ని నిషేధించింది.

కవచం దించుకోవాలంటే యుద్ధం ఆగాలన్నాను గదా. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారాల మురుగును శుద్ధి చేసిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ మందు మింగిన మనిషి రక్తంలో సైతం అంత ఉండదు.