గోల్ఫు ఆట: పచ్చికపై మర్యాద, ఇసుకలో నియమము

క్రికెట్టులో అంపైరు తీర్పు చెప్పును. ఫుట్‌బాలులో రిఫరీ ఈల వేయును. గోల్ఫు ఆట తీరు వేరు. పెద్ద పోటీలలో తప్ప ఆటగాని వెంట తీర్పరి యుండడు. తన తప్పును తానే కనిపెట్టి, దానికి తగిన దండనను తోటి ఆటగాండ్రకు తానే తెలుపవలెను. ఈ ఆట నియమములకు, మర్యాదలకు ఇదియే పునాది.

నియమములు తొలుత వ్రాతపూర్వకముగా వెలసినది స్కాట్లండులో. 1744లో ఎడింబరో నగరము వెండి క్లబ్బును బహుమతిగా ఉంచిన పోటీ కొరకు, లీత్ మైదానమున ఆడుచుండిన పెద్దమనుషులు 13 నియమములను వ్రాసిరి. పిమ్మట అవి పెరిగి, మారుచు వచ్చినవి. 2019 జనవరి 1 నుండి అమలైన పెద్ద సవరణ వాటిని చాలవరకు సులభము చేసినది. నేటి నియమములనుబట్టి రెండు చోటుల సంగతి ఇచట వివరింతుము. ఒకటి రంధ్రము చుట్టును నున్నగా కత్తిరించిన పచ్చిక. దీనిని గ్రీను అందురు. రెండవది బంకరు, అనగా ఇసుకగుంట.

గ్రీను మీది రంధ్రము వ్యాసము 4.25 అంగుళములు మాత్రమే. ఇచట బంతిని ఎగురగొట్టక, నేలవెంట దొర్లింతురు. కావున పచ్చికపై చిన్న పల్లమున్నను బంతి దారి తప్పును. తోటివాని బంతికిని రంధ్రమునకును నడుమ కాలు మోపరాదనుట ఇందువలననే. అతడు కొట్టబోవునపుడు కదలుట, మాటలాడుట, అతని దారిపై మన నీడ పడనిచ్చుట మర్యాద కాదు. పైనుండి పడిన బంతి పచ్చికలో గుంట చేసినచో, చిన్న పనిముట్టుతో దాని అంచులను నడిమికి నెట్టి, పైన మెల్లగా తట్టి సరిచేయవలెను. మట్టిని అడుగునుండి పైకి పెకలించినచో గడ్డి వేళ్లు తెగును.

గ్రీను మీది బంతిని చేతికి తీసికొని తుడుచుకొనవచ్చును. కాని తీయుటకు ముందు దాని వెనుక ఒక నాణెము వంటి గుర్తు నుంచవలెను. గుర్తు లేక తీసినచో ఒక దెబ్బ దండన. దెబ్బల మొత్తమును లెక్కించు పోటీలో, గ్రీను మీదినుండి కొట్టిన బంతి అక్కడనే నిలిచియున్న వేరొక బంతికి తగిలినచో కొట్టినవానికి రెండు దెబ్బలు అదనము. రంధ్రమందలి జెండాకర్రకు తగిలినచో 2019కి పూర్వము ఇట్టి దండనయే యుండెడిది. ఇప్పుడు కర్రను తీయకయే కొట్టవచ్చును. గ్రీను మీద బంతి పొరపాటున కదలినచో దండన లేదు. మరల దానిచోట నుంచిన చాలును.

ఇక ఇసుకగుంట. ఇది ఆటగాని నేర్పును పరీక్షించుటకు ఏర్పరచిన అడ్డంకి. ఇసుక మెత్తనిదో గట్టిదో తాకి చూచి తెలిసికొనుటకు వీలున్నచో ఆ పరీక్షలో పస యుండదు. అందుచేత దెబ్బకు ముందు చేతితోగాని, క్లబ్బుతోగాని ఇసుకను పరీక్షింపరాదు. బంతికి సరిగా ముందును వెనుకను క్లబ్బును ఇసుకకు తాకింపరాదు. తప్పినచో రెండు దెబ్బల దండన. ఎండుటాకులను, రాళ్లను తొలగించుటకు 2019 నుండి అనుమతి కలదు.

గుంటలోనికి ఎత్తైన అంచునుండి కాక, పల్లపు వైపునుండి దిగవలెను. లేనిచో అంచు విరిగి జారును. కొట్టిన పిదప అడుగుజాడలను, క్లబ్బు చేసిన గాడిని దంతెతో చదును చేసి బయటికి రావలెను. అట్లు చేయనివానికి నియమావళి స్వయముగా దెబ్బను విధింపలేదు. నిర్వాహకులు తమ ప్రవర్తనా నియమములలో విధింపవచ్చును. అయినను ఆ అడుగుజాడలో చిక్కెడిది వెనుకవచ్చు మరియొకరి బంతి.

నియమము తెలియకపోవుట ఎంత నష్టమో 2010లో అమెరికాలోని విస్లింగ్ స్ట్రెయిట్స్ మైదానమున తేలినది. పి.జి.ఎ. చాంపియన్‌షిప్పు చివరి రంధ్రమునకు డస్టిన్ జాన్సన్ ఒక దెబ్బ ఆధిక్యముతో చేరెను. అతని బంతి ప్రేక్షకులు త్రొక్కిన ఇసుకనేలపై పడెను. అది బంకరని ఎరుగక అతడు క్లబ్బును నేలకు ఆనించెను. అట్టి చోటులన్నియు బంకరులేయని ముందుగానే ప్రకటించియుండిరి. రెండు దెబ్బల దండన పడగా, విజేతను నిర్ణయించు అదనపు ఆటలో అతనికి చోటు దక్కలేదు.

అంతరాత్మ ఎంతటి తీర్పరియో 1925లో బాబీ జోన్స్ చూపెను. అమెరికా ఓపెన్ పోటీలో, గ్రీను వెలుపలి గడ్డిలో బంతిని కొట్టబోవుచుండగా అది కదలెను. మరెవ్వరును చూడలేదు. అధికారులు నిర్ణయమును ఆయనకే విడిచిరి. ఆయన తనపై ఒక దెబ్బ వేసికొనెను. నాలుగు రౌండ్లు ముగియుసరికి ఆయనయు విల్లీ మాక్‌ఫార్లేనును సమానముగా నిలిచిరి. అదనపు ఆటలో జోన్స్ ఒక్క దెబ్బ తేడాతో ఓడెను. ఆ దండన లేనిచో బిరుదు ముందే ఆయనదై యుండెడిది.

గోల్ఫు పోటీల విశేషములను వినునపుడు శ్రోతలు ఎవరు గెలిచిరను దానితోపాటు, ఎవరు తమపై తాము దెబ్బ వేసికొనిరో కూడ గమనింతురుగాక. ఆట యొక్క సారము అచట తెలియును.