చేతిలో ఉండేవి ఏడు ఆదివారాలు

ఏప్రిల్ రెండో వారంలో బళ్లకు సెలవులు ఇచ్చేస్తారు. మళ్లీ బడి గంట కొట్టేది మే నెల ఆఖర్లో. నడుమ ఉండేది ఏడు వారాలు. పిల్లోళ్లకు అవి నలభై తొమ్మిది రోజులు. మిల్లుకో గార్మెంట్సుకో పోయే అమ్మానాయనలకు మాత్రం ఏడు ఆదివారాలే. ఈ లెక్క ముందే వేసుకోకపోతే, "ఈ వారం కాదులే, వచ్చే వారం చూద్దాం" అనుకుంటానే ఎండాకాలం అయిపోతాది.

నేను చదివింది అయిదో తరగతి. బెంగళూరులో ఒక మిల్లులో 27 ఏళ్లు కండెలు చుట్టినాను. ఇప్పుడు చాంపియన్ రీఫ్స్‌లో కొడుకు ఇంట్లో ఉన్నాను. కోడలు పొద్దున్నే మారికుప్పం నుంచి వచ్చే రైలెక్కి బెంగళూరు గార్మెంట్సుకు పోతాది. ఇల్లు చేరేసరికి చీకటి పడతాది. మా లైనులో ఇట్లాంటి ఇళ్లు చానా ఉన్నాయి. మీ కాలనీల్లోనూ ఉంటాయి. అందుకే మా ఇంట్లో చేసుకున్న ఏర్పాటు మీకు చెప్తున్నాను.

ఉగాది అయినాక ఒక రాత్రి అందరూ అన్నం తిన్న తర్వాత గోడ మీది క్యాలెండరు దించినాం. ఏడు ఆదివారాలకు ఏడు సున్నాలు చుట్టినాం. ఏది దేనికో అప్పుడే రాసుకున్నాం. రెండు బయట తిరిగేదానికి, రెండు ఇంటి పనికి, రెండు బంధువులకు, ఒకటి ఖాళీ.

ఆ ఖాళీ ఆదివారం కోడలిది. ఆ దినం ఆమె పొయ్యి దగ్గరికి రాకూడదు, బట్టలు ముట్టకూడదు. "అత్తా, మరి నేనేం చేసేది?" అనింది. "నిద్రపో తల్లీ" అన్నాను. వారమంతా మిషను మీద వంగి కుట్టి, ఆదివారం నాడు వారం బట్టలూ ఉతికే ఆడమనిషికి సెలవు ఏది? పిల్లోళ్ల సెలవులు గురించి మాట్లాడే ఇళ్లల్లో తల్లి సెలవు గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే మొదటి సున్నా దానికే చుట్టండి. ఆ దినం వంట కొడుకూ మనవళ్లూ చేస్తారు. ఉప్పు ఎక్కువైనా తినండి.

తిరిగేదానికి దుడ్డు ఎక్కువ కావాలని భయపడొద్దు. 2023 జూన్ నుంచి కర్ణాటకలో శక్తి పథకం కింద ఆడవాళ్లకు, ఆడపిల్లలకు సర్కారు ఆర్డినరీ బస్సుల్లో టికెట్టు లేదు. ఆధార్ కార్డు పెట్టుకుంటే చాలు. మగవాళ్లకు మాత్రమే టికెట్టు. ఒక ఆదివారం కోలారుకు పోండి. కోలారమ్మ గుడి చూసి, ఊరి పక్కన కొండ మీద అంతరగంగకు ఎక్కండి. అక్కడ రాతి బసవన్న నోట్లో నుంచి ఏడాది పొడుగునా నీళ్లు వస్తానే ఉంటాయి. కోతులు ఉంటాయి, తిండి సంచి భద్రం. ఇంకో ఆదివారం ముళబాగిలు పక్క ఆవనికి పోండి. సీతమ్మ లవకుశులను కన్నది అక్కడే అని మన పెద్దోళ్లు చెప్తారు. పాత రామలింగేశ్వరుడి గుళ్లూ, ఎక్కేదానికి కొండా ఉన్నాయి. దేనికైనా మొదటి బస్సుకే పోవాల. ఎండ ముదిరేలోపల కొండ దిగేయాల.

చద్దికి చింతపండు పులిహోర, నీళ్ల మజ్జిగ. ఇంక ఖర్చు ఏముంది? మేము సంక్రాంతి నుంచి వారానికి 50 రూపాయలు డబ్బాలో వేసినాం. 12 వారాలకు 600 అయింది. దానికి మించి ఒక్క రూపాయి తీయలేదు. సంఘంలో అప్పు తీసుకొని తిరిగితే, ఆ తిరిగిన సంతోషం వడ్డీ కట్టేటప్పుడు మిగలదు.

ఇంటి పని ఆదివారాలు అంటే సండిగలు, మజ్జిగ మిరపకాయలు, మామిడికాయ ఊరగాయ. తెల్లారుజామునే పిండి ఉడకబెట్టి మిద్దె మీద గుడ్డ పరిస్తే, కాకులను తోలే పని పిల్లోళ్లది. మన ఈడ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి మామిడి వాన పడతాది. మూడు గంటలకంతా గుడ్డ చుట్టేయాల. శ్రీనివాసపురం మామిడిపండ్లు మే నెలలో బాగా దిగినాక ఒక బుట్ట కొని లైనులో నాలుగిళ్లు పంచుకుంటే అందరికీ అగ్గువ.

బంధువుల ఇంటికి కుప్పమో, వి.కోటో పోయేవాళ్లు ఒకటి గుర్తు పెట్టుకోండి. రాష్ట్రం దాటే బస్సుకు శక్తి టికెట్టు చెల్లదు. ఆ లెక్క డబ్బాలో నుంచి ముందే తీసి పెట్టుకోండి.

ఆదివారాలు సరే, మిగతా నలభై రెండు రోజులు? కష్టమంతా అక్కడే ఉంది. ఇంట్లో చూసే మనిషి లేకపోతే పిల్లోళ్లు సైనైడ్ దిబ్బల మీద జారేదానికి పోతారు, నీళ్లు నిలిచిన క్వారీ గుంటల్లో ఈదేదానికి దిగుతారు. ఆ దిబ్బల దుమ్ము మంచిది కాదు. ఆ గుంటల లోతు ఎవరికీ తెలియదు. "పోవద్దు" అని చెప్పి తలుపు వేసి పోతే వినే వయసు కాదు వాళ్లది.

అందుకని మా లైనులో మూడిళ్ల ముసలోళ్లం వంతులు వేసుకున్నాం. ఒకరికి రెండు దినాలు. వంతు ఎవరిదైతే పిల్లోళ్లందరూ ఆ ఇంట్లోనే. పొద్దున పది దాకా బయట ఆటలు. ఎండలో ఇంటి లోపల అచ్చనగాయలు, చింతగింజలతో వామనగుంటలు. అన్నం తిన్నాక ఒక గంట ఫోను. ఆ గంట మేమూ నడుం వాలుస్తాం. నాలుగు దాటినాక మళ్లీ బయటికి. మీ పంచాయతీ గ్రంథాలయంలో ఎండాకాలం శిబిరం పెడతారేమో అడగండి, అక్కడికీ పంపొచ్చు.

బుధవారం సాయంత్రం కథ. రాజుల కథ కాదు, గని కథ. గనులు 2001 ఫిబ్రవరి 28న మూసేసినారు. ఇప్పటి పిల్లోళ్లకు షాఫ్టు అంటే కంప పెరిగిన చోటు, అంతే. గనిలో పని చేసిన పక్కింటి తాత చెప్తాడు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు అనీ, శివనసముద్రం నుంచి 1902లోనే ఇక్కడికి కరెంటు వచ్చిందనీ, బెంగళూరుకు వచ్చింది ఆ తర్వాత 1905లో అనీ. మా చిన్న మనవడు నోరు తెరుచుకొని, "మా ముత్తాత అంత కిందికి దిగినాడా?" అని అడిగినాడు. ఆ మాట వాడికి ఏ ఫోనూ చెప్పలేదు.

పిల్లోళ్లు ఇట్ల మన చేతి కింద ఉండేది ఎన్ని ఎండాకాలాలు? పదో తరగతి అయితే వాళ్లూ రైలెక్కేస్తారు. కాబట్టి ఈ వారమే పక్కింటి అక్కతో వంతుల మాట మాట్లాడండి. డబ్బా ఒకటి కడిగి పెట్టండి. క్యాలెండరు దించండి.