చక్రముల యింటిలో చల్లగాలి

అమెరికాదేశమున పెక్కు కుటుంబములవారు పడక, వంట, స్నానము మున్నగువానికి వసతులు గల మోటారుబండ్లలో దేశసంచారము చేయుచుందురు. ఇట్టి బండిని ఆర్‌.వీ. యందురు. వేసవితాపము నోర్చుటకై దాని కప్పుమీద ఎయిర్ కండిషనరు నమర్తురు. ఈ యంత్రమునకు 120 వోల్టుల ఏకాంతర విద్యుత్తు కావలయును. బ్యాటరీ యిచ్చునదియో, సాధారణముగా 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. దీనిని దానిగా మార్చు సాధనమే ఇన్వర్టరు. మన యిండ్లలో కరెంటు పోయినపుడు దీపములను, పంకాలను నడపునదియు నిట్టిదే.

అయినను పంకాను నడుపుట వేఱు, ఎయిర్ కండిషనరును నడుపుట వేఱు. అది 1,500 వాట్లు గైకొనుననుకొందము. వాట్లను వోల్టులచే భాగించిన ఆంపియరులు తేలును. 120 వోల్టుల తీగలో ప్రవాహము 12.5 ఆంపియరులు మాత్రమే. 12 వోల్టుల తీగలో 125. ఇన్వర్టరులో నూటికి పదివంతులు నష్టమైనచో నది యించుమించు 140 అగును. తీగలో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గము ననుసరించి హెచ్చునని జేమ్సు జూలు అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు 1841లో ప్రకటించెను. కావున ఒకే తీగలో ప్రవాహము పదిరెట్లయినచో వేడి నూరురెట్లగును. సన్నని తీగ వాడినచో తొడుగు కరగి నిప్పంటుకొనును. పిల్లలు నిదురించు బండిలో నిది యెంతటి విపత్తో చెప్పనక్కఱలేదు.

ఇందుకై పాటింపవలసిన నియమములివి. బ్యాటరీకిని ఇన్వర్టరునకును నడుమ లావైన రాగితీగను, సాధ్యమైనంత పొట్టిగా, వేయవలెను. బ్యాటరీ చెంతనే తగిన ఫ్యూజు నుంచవలెను. దూరముగా నుంచినచో బ్యాటరీకిని ఫ్యూజుకును నడుమనున్న తీగకు రక్షణ యుండదు. కొనలను గట్టిగా బిగింపవలెను; వదులైనచోట నిరోధము హెచ్చి వేడి పుట్టును. బయటి కరెంటును ఇన్వర్టరు కరెంటును ఎన్నడును కలియకుండ చేంజోవరు స్విచ్చి నమర్పవలెను. కంప్రెసరు కదలునపుడు క్షణకాలము కొన్నిరెట్ల ప్రవాహమును లాగును గనుక ఇన్వర్టరు నందుకు తగినంత పెద్దదిగా నెన్నుకొనవలెను.

100 ఆంపియరు-గంటల బ్యాటరీలో నుండునది సుమారు 1,200 వాటు-గంటలు. యంత్రము నిలువకుండ నడచినచో నది గంటసేపైనను చాలదు. అందుచే బ్యాటరీలు పెక్కు కావలయును. కొందఱు 48 వోల్టుల బ్యాటరీలను వాడుదురు. అపుడు ప్రవాహము నాలుగవవంతు, అదే తీగలో వేడి పదునాఱవవంతు అగును.

12 వోల్టుల తీగ చేతికి తాకినను సాధారణముగా షాకు తగులదు. అందుచే జనులు దానిని చులకన చేయుదురు. కాని దేహమును బాధింపని యా కొద్ది వోల్టులే బండిని దగ్ధము చేయగలవు. విద్యార్థులారా! తరగతిలో నేర్చు చిన్న భాగహారమే యిచ్చట ప్రాణరక్షకమని గ్రహింపుడు.