గవర్నరు పదవియు బూర్గుల రామకృష్ణారావుగారును

గవర్నరనగా నెవరని మొన్న తరగతిలో నడిగితిని. "పెద్ద బంగళాలో నుండువారు" అని యొక బాలుడు బదులు చెప్పెను. నిజమే గాని, ఆ బంగళాలో వారు చేయు పని యేమి? సాధారణముగా మంత్రుల సలహా ప్రకారమే చేవ్రాలు చేయుదురు. అయినను రెండు సందర్భములలో వారి స్వంత వివేకమునకు తావు గలదు. శాసనసభ యంగీకరించిన బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు పంపుట యొకటి. రాజ్యాంగానుసారముగా పరిపాలన సాగుట లేదని రాష్ట్రపతికి నివేదిక వ్రాయుట రెండవది. ఈ రెండును చేసిన యొక పెద్దమనిషి మన పాలమూరు సీమవారే.

బూర్గుల రామకృష్ణారావుగారు 1899లో కల్వకుర్తి ప్రాంతమందలి పడకల్లులో జన్మించిరి. పూనాలో ఫెర్గూసన్ కళాశాల యందును, పిదప బొంబాయిలో న్యాయశాస్త్రమును చదివి, హైదరాబాదున వకీలుగా పేరొందిరి. ఉర్దూ పారసీలలో పండితులు. 1931లో దేవరకొండ ఆంధ్రమహాసభకు అధ్యక్షులైరి. 1952 మార్చిలో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైరి. 1956 నవంబరు 1న ఆ రాష్ట్రమే భాషలవారీగా విడిపోయి, తెలంగాణము ఆంధ్రప్రదేశమున గలిసెను. ముఖ్యమంత్రి పదవి పోయిన యా నెలలోనే వారు కేరళకు గవర్నరుగా వెడలిరి.

అక్కడ 1957 ఏప్రిలులో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌గారి కమ్యూనిస్టు మంత్రివర్గ మేర్పడెను. ఆ యేడే విద్యాబిల్లు వచ్చెను. ఉపాధ్యాయులకు ప్రభుత్వమే నేరుగా జీతమిచ్చుటయు, ప్రభుత్వపు జాబితానుండియే వారిని నియమించుటయు నందుండెను. జీతము మాట నావంటి బడిపంతులుకు సంతోషమే. నియామకపు మాట మిషను పాఠశాలలు నడుపువారికి భయము. బూర్గులవారు దానిపై చేవ్రాలు చేయక రాష్ట్రపతికి పంపిరి. రాష్ట్రపతి సుప్రీంకోర్టు నభిప్రాయ మడిగిరి. అందలి కొన్ని నిబంధనలు, అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు రాజ్యాంగపు 30వ అధికరణ మొసగిన హక్కునకు విరుద్ధములని 1958 మేలో ఆ న్యాయస్థానము చెప్పెను. పిమ్మట బిల్లు సవరింపబడి శాసనమయ్యెను. ఇంతవరకు గవర్నరు చేసినది సరియేయని నా యభిప్రాయము.

రెండవది యట్లు కాదు. 1959లో క్రైస్తవ, నాయరు సంఘములును, కాంగ్రెసువారును ఆ మంత్రివర్గముపై గొప్ప యాందోళనము నడపిరి. పోలీసు కాల్పులలో జనులు మరణించిరి. గవర్నరు నివేదికను పురస్కరించుకొని జూలై 31న రాష్ట్రపతి మంత్రివర్గమును తొలగించిరి. సభలో దాని బలమా, తగ్గలేదు! మరుసటి యేటి ఎన్నికలలో కాంగ్రెసు కూటమి గెలిచినది గాని, ఆ గెలుపు ఈ తొలగింపునకు సమర్థనము కాజాలదు. ఆందోళనము చేసినవారిలో మా క్రైస్తవులు నుండిరని తెలిసియే యీ మాట వ్రాయుచున్నాను. ఇట్టి తొలగింపులను న్యాయస్థానములు పరిశీలింపవచ్చునని సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పినది 1994లో.

బూర్గులవారు 1960 నుండి 1962 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా నుండి, తరువాత రాజ్యసభలో గూర్చుండి, 1967 సెప్టెంబరులో గతించిరి.