వాక్యం చేజారే వేళ

వార్ధక్యంలో మతిమరుపు సహజమని మనం తేలికగా అనుకుంటాము. కాని బుద్ధిశక్తి సడలడం పేర్లు మరచిపోవడంతోనే ప్రారంభం కానక్కరలేదు. ఒక్కొక్కప్పుడు అది చిక్కువాక్యం దగ్గర ముందుగా బయటపడుతుంది.

'రాముడు పిలిచిన బాలుడు' అన్నా, 'రాముణ్ణి పిలిచిన బాలుడు' అన్నా మాటలు మూడే. విభక్తి మారగానే పిలిచినవాడు మారిపోయాడు. దీనికి మరి రెండు క్రియలు తగిలించి వాక్యాన్ని పొడిగిస్తే, మొదటి మాటను మనసులో నిలుపుకొని చివరిదాకా నడవాలి. ఆ నిలుపుకొనే శక్తి క్షీణించినవారికి పదాలన్నీ తెలిసే ఉంటాయి. ఎవరు ఎవరిని పిలిచారన్నదే అందదు.

వినడంలోనే కాదు, వ్రాయడంలోనూ ఇట్టి సూచనలు పొడసూపుతాయి. ఆంగ్ల నవలా రచయిత్రి ఐరిస్ మర్డాక్ కడపటి నవల 1995లో వెలువడింది. ఆమెకు ఆల్‌జైమర్ వ్యాధి సోకినట్లు ఆ తరువాతనే తెలిసింది. ఆ నవలను ఆమె పూర్వరచనలతో పోల్చిన పరిశోధన 2005లో ప్రచురితమైంది. వాక్యనిర్మాణం చాలవరకు నిలిచే ఉన్నది. పదసంపద మాత్రం తరిగింది. వ్యాధి పేరు తెలియకముందే భాష దానిని చెప్పిందన్నమాట.

అయితే ప్రతి తడబాటూ రోగం కాదు. చెవుడు, అలసట, దిగులు కూడా కారణాలు కావచ్చును. నెలల తరబడి అది పెరుగుతూ ఉంటే మాత్రం వైద్యునికి చూపించవలసిందే. ఇంట్లో మనం చేయగలిగినదీ ఒకటున్నది: తాతగారికి చెప్పే పొడుగుమాటను రెండు చిన్న వాక్యాలుగా విడదీసి చెప్పడం. 'చాదస్తం' అని నవ్వడంకంటె అది మర్యాద.