మన దీపం – ఎదుటివారి కన్ను

ప్రొద్దుటూరు–మైదుకూరు రోడ్డు మీద, చాపాడు దగ్గర, ప్రొద్దుగూకిన తరువాత కాసేపు నిలబడి చూస్తే ఈ వ్యాసం ఎందుకు వ్రాస్తున్నామో పాఠకులకు తెలుస్తుంది. కె.సి. కాలువ కింది పొలాల నుండి ఇంటికి మళ్ళే గేదెలు, వెనుక దీపంలేని ట్రాక్టరు ట్రాలీలు, కోతల కాలంలో రోడ్డంచున ఆరబోసిన వడ్లు, వీటి మధ్యనే సైకిళ్ళవారు, నడిచిపోయేవారు. అంతలో ఎదురుగా ఒక జీపు కళ్ళు చెదిరే తెల్లని లైట్లతో వస్తుంది. ఆ తరువాత కొన్ని క్షణాలు ఏమీ కనిపించదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. చూపు తేరుకోవడానికి మూడు సెకన్లు పడితే 50 మీటర్లు గుడ్డిగా పోయినట్లే. వయసు మళ్ళినవారికి ఇంకా ఆలస్యమవుతుంది.

పాత బండికి మంచి వెలుగు కావాలనుకోవడం తప్పు కాదు. ఇంట్లోనే స్పానరు, స్క్రూడ్రైవరు పట్టుకొని ఆ పని చేసుకొనే యువకులు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. వారికి, వారి తల్లిదండ్రులకు ఉపయోగపడే సంగతులు కొన్ని మనవి చేస్తున్నాము.

కొనేముందు

మొదట, లైటు మందంగా వెలగడానికి కారణం లైటేనా అని చూడండి. బల్బు దగ్గరకు చేరే వోల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు ఇంచుమించు మూడోవంతు తగ్గిపోతుంది. తుప్పుపట్టిన ఎర్తు, వదులైన హోల్డరు, మసకబారిన రిఫ్లెక్టరు – వీటిని బాగుచేస్తే చాలాసార్లు కొత్త లైట్ల ఖర్చే ఉండదు.

రెండవది, మన జిల్లాకు ముఖ్యమైనది. కువైట్ నుండి సెలవుమీద వచ్చేవారు బండి సామాను కూడా తెస్తుంటారు. అక్కడ బండ్లు రోడ్డుకు కుడిప్రక్కన నడుస్తాయి. అందుచేత అక్కడి హెడ్‌లైటు డిమ్ములో ఉన్నప్పుడు వెలుగు కుడివైపుకు కాస్త పైకి లేస్తుంది. మనం ఎడమప్రక్కన నడుస్తాము గనుక ఆ వెలుగు తిన్నగా ఎదుటి డ్రైవరు కళ్ళలో పడుతుంది. స్క్రూలు ఎంత త్రిప్పినా ఈ లోపం పోదు. ఎడమప్రక్క నడిచే దేశాల కోసం చేసిన లైటునే కొనండి.

మూడవది, హాలోజన్ బల్బుకోసం చేసిన డోములో ఎల్.ఇ.డి. బల్బు దూర్చడం. హాలోజన్ బల్బులో సన్నని తీగ ఎక్కడ ఉంటుందో లెక్కకట్టి రిఫ్లెక్టరును మలుస్తారు. వెలుగు పుట్టే చోటు మారితే కిరణాలు చెదరి పైకి చిమ్ముతాయి. మన ముందు తెల్లగా కనిపిస్తుంది గాని దూరపు దారి సరిగా కనిపించదు.

వాట్ల లెక్క

మామూలు హెచ్‌4 బల్బు 60/55 వాట్లది. రెండు బల్బులూ హైబీములో 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు తీసుకుంటాయి. 100 వాట్ల బల్బులు పెడితే అది దాదాపు 17 ఆంపియర్లవుతుంది. పాత తీగలు, స్విచ్చి ఆ భారానికి చేసినవి కావు. హోల్డరు కరుగుతుంది, తీగ వేడెక్కి మంటలు లేస్తాయి. కాబట్టి 60/55 దాటవద్దు. అప్పుడు కూడా రిలే పెట్టుకోవడం మేలు. బ్యాటరీ ప్లస్ నుండి ఫ్యూజు ద్వారా రిలేలోని 30వ కాలుకు, 87 నుండి లైటుకు తీగ వేయాలి. 85, 86 కాళ్ళలో ఒకటి పాత స్విచ్చి తీగకు, మరొకటి ఎర్తుకు. హైబీముకు ఒకటి, డిమ్ముకు ఒకటి వేరువేరు రిలేలు ఉండాలి. ఒక్కొక్క దానికి 15 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అది బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి.

బిగించే పద్ధతి

ఇంజను ఆపి, లైట్లు చల్లారనివ్వండి. బ్యాటరీ మైనస్ కొసను ముందుగా విప్పండి. పని ముగిశాక చివరగా అదే తగిలించండి. రిమ్ము విప్పేటప్పుడు, లైటును పట్టి ఉంచే స్క్రూలు వేరు, ఎత్తు సరిచేసే స్క్రూలు వేరు అని గుర్తుంచుకోండి. ప్లగ్గును పట్టి లాగండి, తీగలను లాగవద్దు. హాలోజన్ బల్బు గాజును వ్రేళ్ళతో తాకకూడదు. చేతి జిడ్డు అంటినచోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. తాకితే స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. వెనుక రబ్బరు తొడుగు మరువవద్దు, లేకుంటే మొదటి వానకే లోపల నీరు చేరుతుంది.

గోడ ముందు పరీక్ష

అసలు పని ఇక్కడే ఉంది. సమతలమైన నేలమీద, టైర్లలో సరిపడా గాలి నింపి, డ్రైవరు సీటులో ఒకరు కూర్చుండగా, గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలపండి. లైటు మధ్యభాగం ఎత్తును గోడమీద సుద్దతో గీయండి. డిమ్ము వేసినప్పుడు వెలుగు పై అంచు ఆ గీతకు 10 సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. ఒక లైటుకు అట్ట అడ్డుపెట్టి రెండవదానిని సరిచేయండి. ఎప్పుడూ వెనుక బరువు వేసుకొని తిరిగే బండి అయితే ఆ బరువుతోనే చూడండి; వెనుక కుంగితే ముందు వెలుగు ఆకాశానికి లేస్తుంది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు కూడా ఇదే కోరుతున్నాయి. లైటుకు 8 మీటర్ల దూరంలో, అర మీటరు కుడిగా, నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు కలగకూడదు. 2019 సవరణ ప్రకారం, అనుమతించని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

అయితే జరిమానా భయంకంటె పెద్ద కారణం మరొకటి ఉంది. ఆ చీకటిలో ఎదురు వచ్చేది పాలు పోసి తిరిగివస్తున్న పొరుగింటి అన్న కావచ్చు, ట్యూషను నుండి వస్తున్న మన బిడ్డే కావచ్చు. ఈ రాత్రే మీ బండిని గోడ ముందు నిలిపి చూడండి. రోడ్డుమీద ఎదుటి బండి కనబడగానే డిమ్ము వేయడం పిల్లలకు నేర్పండి. మన దారి మనకు కనిపిస్తే చాలదు, ఎదుటివారి దారి వారికి కనిపించాలి.