పాత గిటారుకు రంగు వేయించకండి

ఒకప్పుడు మధిర చుట్టుపక్కల శ్రీరామనవమి పందిళ్లలో ఆర్కెస్ట్రా పెడితే పాటగాళ్ల పక్కన ఒక ఎలక్ట్రిక్ గిటారు ఉండాల్సిందే. ఆ కాలపు గిటార్లు ఏ ఇంటి అటక మీదనైనా ఉండవచ్చు. అమ్ముదామనుకోగానే చాలామందికి తోచే పని, దానికి కొత్త రంగు కొట్టించి మెరిపించడం. పాత గిటారుకు ఇంతకన్నా నష్టం చేసే పని మరొకటి లేదు.

ఈ వాద్యం పుట్టింది వినపడాలన్న తపనతో. 1920లలో డాన్స్ బ్యాండ్లలోని బాకాల హోరులో గిటారు మునిగిపోయేది. అమెరికాలో జార్జ్ బీచాంప్ అనే వాద్యకారుడు, అడాల్ఫ్ రికెన్‌బాకర్ తోడుగా, 1930ల మొదట్లో దీనికి దారి కనిపెట్టాడు. అయస్కాంత క్షేత్రం మారితే దగ్గరున్న తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లోనే చూపించాడు. గుర్రపునాడా అయస్కాంతం, రాగి తీగచుట్ట, వాటి మీదుగా ఉక్కు తంత్రి: బీచాంప్ తయారుచేసిన పికప్ అనే పరికరంలో ఉన్నవి ఇంతే. తంత్రి సెకనుకు 110 సార్లు ఊగితే విద్యుత్తు కూడా 110 సార్లు ఊగుతుంది. దాన్ని ఆంప్లిఫయరు పెంచి స్పీకరుకు ఇస్తుంది. 1937లో ఆయనకు పేటెంటు దక్కింది.

తంత్రి కదలికే చాలు గనక బోలు పెట్టె అక్కర్లేకపోయింది. లియో ఫెండర్ 1950లో గట్టి చెక్క గిటారును మార్కెట్లోకి తెచ్చాడు. 1954లో ఆయనదే స్ట్రాటోకాస్టర్ అనే గిటారు వచ్చింది.

తెలుగువారికి ఈ పికప్ చేసిన మేలు పెద్దది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతిలో ఉన్నది మాండొలిన్. మీటగానే దాని నాదం ఆరిపోతుంది, గమకానికేమో నిలిచే నాదం కావాలి. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎంచుకుని, నాలుగు జంట తంత్రుల స్థానంలో ఐదు ఒంటి తంత్రులు పెట్టుకుని, కర్ణాటక కచేరీలో దానికి చోటు సంపాదించారు. వాద్యాన్ని మార్చి అంత సంగీతం పలికించిన చేతికి ఎంత నమస్కరించినా తక్కువే.

మరి మార్పు అంత మంచిదైతే, అమ్మేటప్పుడు మార్చకూడదని ఎందుకంటారు? ప్రసిద్ధ రాక్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోకాస్టర్‌ను చూడండి. దాని మెడ, పికప్‌లు ఎన్నోసార్లు మారాయి. అయినా 2019లో న్యూయార్క్ వేలంలో 39.75 లక్షల డాలర్లు పలికింది. అక్కడ ప్రతి మార్పూ గిల్మోర్ చరిత్రలో భాగం. పేరు తెలియని వాయిద్యగాడి గిటారుకు ఆ అండ ఉండదు. అది ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందన్నదే దాని చరిత్ర. కొనేవాడు డబ్బు పోసేది స్వరం కోసమే కాదు, సాక్ష్యం కోసం కూడా.

ఆ సాక్ష్యం లోపలే ఉంటుంది. వాల్యూమ్ బిరడా కింది పొటెన్షియోమీటరు మీద అంకెలు అచ్చై ఉంటాయి. 1376312 అని ఉంటే 137 తయారీ కంపెనీ గుర్తు, 63 సంవత్సరం, 12 వారం. అంటే ఆ గిటారు 1963 మార్చి కంటే ముందుది కాదు. కదిలించని పాత టంకం ఆ భాగాలు అక్కడివేనని చెబుతుంది. ఆనాటి నైట్రోసెల్యులోజ్ లక్క వేడికీ చలికీ సన్నగా పగుళ్లు తీస్తుంది. అతినీలలోహిత దీపం కింద పాత లక్క, కొత్త పూత వేరువేరుగా మెరుస్తాయి. అందుకే మళ్లీ రంగు వేసిన గిటారు ధర దాదాపు సగానికి పడిపోతుందని వ్యాపారుల లెక్క.

చెక్క కూడా చూడాలి. ఫెండర్ ఫ్రెట్‌బోర్డులకు 1960లలో మొదట బ్రెజిల్ రోజ్‌వుడ్, తర్వాత మన దేశపు జిట్రేగి వాడారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారం మీద 1992 నుంచి అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. ఆ గిటారును విదేశానికి అమ్మాలంటే అనుమతి పత్రాలు తప్పనిసరి.

కాబట్టి అటక మీది గిటారును ముందు మధిర ఎండల వేడి తగలని చోటికి దించండి. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడవండి. ఎప్పుడో తీసేసిన పాత మరలు, బిరడాలు, కొన్నప్పటి పెట్టె, రశీదు ఇంట్లో ఎక్కడైనా ఉంటే వెతికి దానితోపాటే ఉంచండి. లోపలి అంకెల ఫోటోలు తీయించి, తెలిసినవాళ్లకు చూపించాకే ధర మాట్లాడండి.